తట్టి చూడడం

పలమనేరు దాటినాక కుప్పం దోవలో మా క్వారీ.
ఇరవై ఏండ్లుగా సుత్తితో తట్టి తట్టి
బండలో యాడ నెర్రె ఉన్నా చెవితోనే పట్టేస్తా.
ఆ బండలో ఏముందో మాత్రం
మొన్నటిదాకా ఎవరూ చెప్పలేదు.

తిరుపతి నుంచి కాలేజీ బస్సులో దిగింది హంసవేణి,
నెత్తిన టోపీ, మెడలో భూతద్దం.
ఒక చెక్కు తీసి నా అరచేతిలో పెట్టి
"ఎండకు కొంచెం వాల్చు మామా" అనింది.
వాలిస్తే
మెట్లు మెట్లుగా విరిగిన లేత గులాబి ముఖమొకటి
తటాలున మెరిసి ఆరిపోయింది.

ఫెల్డ్‌స్పార్ అంట.
రాతిలో సగానికి పైన అదేనంట.
భూమి కడుపులో అంతా కుతకుతలాడే జావగా ఉన్నప్పుడే
తన మూలలు తాను దిద్దుకొని కూర్చున్నదంట.
పలుగేమో బంతికి ఆలస్యంగా వచ్చిన చుట్టం,
మిగిలిన సందుల్లో ఒదిగింది.
నడమ నడమ నల్లని కాకిబంగారం.

"అంత గట్టిదా ఇది?"
నవ్వింది ఆ పిల్ల.
"వానకు ముందుగా ఓడేది ఇదే మామా.
పలుగు ఇసకై ఏట్లో పడుంటుంది,
ఇది మెత్తబడి మెత్తబడి బంకమన్నవుతుంది."
ఎన్నాళ్ళకు అంటే
వేళ్ళు మడిచి, మడిచి, వదిలేసింది.

"రాయి కొట్టేవానికి మన్ను తొక్కే పిల్లా?"
నా పెండ్లిలో మా అమ్మ సణుగుడు ఇది.
దేశమ్మ పుట్టిల్లు పలమనేరు కుమ్మరోళ్ళది.
సాయంత్రం ఇంటికి పోయి
ఆ చెక్కును సారె పక్కన పెట్టి
"మీ మన్నుకు అవ్వ ఇది" అన్నా.
మోచేత్తో పక్కకు నెట్టింది, పచ్చికుండకు తగులుతుందని.

ఆవం చల్లారినాక తెల్లారుజామున
కుండల్ని వేలిమెటికతో ఒక్కోదాన్నే తట్టింది.
ఖంగు. ఖంగు. ఖంగు.
ఒకదాని కాడ ఆగి, మళ్ళీ తట్టి, పక్కన పెట్టేసింది.
"వినపడిందా?"
వినపడింది.

నా రొమ్ములో చేరిన దుమ్ము పలుగుది,
మన్ను కాదు, ఎన్ని వానలకూ కరగదు.
ఆ రాత్రి దగ్గుతెర ఆగకపోతే
నా వీపు మీద కూడా అట్లనే తట్టింది దేశమ్మ,
చెవి ఆనించి చానాసేపు ఉండిపోయింది.
ఏం వినపడిందో నేనడగలేదు.