రెండు గాలాలు

కొర్లమ్మప్పా,
నీ డబ్బా నా దగ్గరే ఉంది.
ఎక్కడ పెట్టానో అడక్కు.
నిన్న రాత్రి మా గుమ్మంలో నిలబడి
అగ్గిపెట్టె కోసమొచ్చానన్నావు.
మీ ఇంట్లో మూడున్నాయి, నాకు తెలుసు.

నవ్వలేదు నేను.
చిరిగిన వలొకటి నీ ఒళ్లో పడేశాను.
తిట్టుకుంటూనే కన్ను తర్వాత కన్ను అల్లావు.
లైటుహౌసు వెలుగు మా గోడ మీద ఎన్నిసార్లు తిరిగిందో,
పదిహేనో కన్ను దగ్గర
నీ చెయ్యి వణకడం మానేసింది.
నువ్వు చూసుకోలేదు. నేను చూశాను.

పదమూడో ఏట పట్టావు అడ్డపొగ.
మీ అమ్మే నేర్పిందన్నావు:
గోపాలపురం గాలికి బయట నిప్పు నిలవదే,
చుట్ట తిప్పి నిప్పు లోపల పెట్టుకో,
రెండు చేతులూ చేపకి వదిలెయ్, అని.
నిజమే మరి.
తడి ఇసకలో, తుంపరలో
మన ఆడోళ్లకి అదొక్కటే ఆరని పొయ్యి.
సిగ్గులేని అలవాటని ఎవరన్నా అంటే
ముందు నేనే వాళ్ల మీద పడతాను.

కానీ బరంపురం పెద్దాసుపత్రిలో
ఆ చిన్న డాక్టరమ్మ చేతద్దం పెట్టి
నీ అంగిలి నీకే చూపించింది కదా,
ఎండిన ఉప్పుమడిలా తెల్లగా,
పగుళ్ల మధ్య ఎర్రచుక్కలు.
నువ్వు కిక్కురుమనలేదు.
బస్సు దిగాక డబ్బా నా చేతిలో పెట్టి
చేపలు తోముకోడానికి పోయావు.
ఇంత పెద్ద పని ఇంత చప్పుడు లేకుండా చేసినవాళ్లని
ఈ ఒడ్డున నేను చూడలేదు.

ఆశ అల లాంటిదట, వచ్చి పోతుందట.
ఆవిడ ఒడియాలో చెప్పింది, నేను తెలుగు చేశాను,
ఇద్దరం మొహాలు చూసుకున్నాం.
అల సంగతి మనకి ఆవిడ చెప్పాలా!
మీ మరిది పడవ దించేటప్పుడు
అలతో దెబ్బలాడతాడా?
ముక్కు ఎదురుగా పెట్టి, ఊపిరి బిగబట్టి
ఎక్కనిస్తాడు, దిగనిస్తాడు.
పక్క తిప్పితేనే కదా బోల్తా.

మొదట్లో, మూడో రోజున, పక్క తిప్పావు.
సరుగుడు తోట వెనక సగం చుట్ట.
నేనడగలేదు, నువ్వు చెప్పలేదు,
నీ కొంగు చెప్పింది.
పోనీలే అప్పా.
బోల్తా పడ్డ తెప్పని
తిరగేసి మళ్లీ నీళ్లలోకి తోస్తాం గానీ
చీల్చి పొయ్యిలో పెట్టుకుంటామా?

ఇంకో సంగతి.
నలభై ఏళ్లుగా నిన్ను మాటపొదుపు మనిషన్నారు.
పొదుపేం కాదు, నోట్లో నిప్పు.
పళ్ల సందునుంచి ఎంత మాటని వస్తుంది?
మొన్న వేలంపాటలో
ఆ బరంపురం వ్యాపారి నీ కవళ్ల తట్టని
కాలితో జరిపి ధర అడిగితే
నువ్వేసిన కేకకి కాకులు లేచిపోయాయి.
ముందు ఒడియాలో,
అది చాలక తెలుగులో.

మానేశాక కోపమెక్కువైంది,
ఒక్కటి తాగనిస్తే నయమేమో అని
మీ ఇంట్లోవాళ్లు గుసగుసలాడుతున్నారు.
వినకు.
అది కోపం కాదు, నలభై ఏళ్ల బాకీ.
తీర్చుకో. నాతోనే మొదలెట్టు,
నాకు అలవాటే.

నిన్న పులుసు నోట్లో పెట్టుకుని
ఉప్పెక్కువైందన్నావు.
నేనేసింది ఎప్పటి ఉప్పే.

మీ నీలం పడవ పక్కన
నీ మనవరాలు సుద్దముక్కతో రోజులు రాస్తోంది.
ఆ సగం చుట్ట నాడు, ఎవరు చెప్పారో ఏమో,
అన్నీ చెరిపి మళ్లీ మొదలెట్టింది.
ఒడియా బడి పిల్ల, ఒడియా అంకెలు.
నాకు చదవరావు, నీకూ రావు.
ఇవాళ్టిదేంటే అనడిగితే పదకొండంది.
రెండు ఒకట్లు పక్కపక్కనే,
అచ్చం రెండు గాలాల్లా.

తెప్పలొచ్చేలోగా
ఒకసారి వచ్చి చూసిపో.
రాత్రి తుంపరకి చెరిగిపోయినా
రేపు పన్నెండు రాస్తుందిలే.