బెత్తెడు ఎడం

మ్చింజిలో తొలి వాన పడ్డాక
ఫలేసి బోదె మీద బెత్తెడుకో పల్లీ గింజ పెడుతోంది,
జంట వరసల్లో.
"జానెడన్నా వదులు, వాటికి ఊపిరాడొద్దూ?" అంది అత్త.
ఫలేసి వినలేదు.
డబ్బా వింది:
ఇంకా మూడు బోదెలుండగానే అడుగు మోగింది.
రాత్రి పిల్లాడి జేబులో పొట్టు కనబడింది.
ఏమీ అనలేదు. డిసెంబరు ఆకలి.
మిగిలినవి మూరకొకటి.

ఆకూ ఆకూ కలిసినచోట నేల దాగింది.
ఎర్రమట్టి కనబడ్డ ఆ మూడింటి మీదే
పేనుబంక వాలింది.
మొక్కలు గిడసబారి, పసుపెక్కి, పూలగుత్తుల్లా
చూడ్డానికి బాగానే ఉన్నాయి.

ఏప్రిల్లో పీకితే
ఇటు ఊడ ఊడకీ కాయ,
అటు వేళ్ళకు మట్టి.

అత్త ఆ మట్టినే దులిపి దులిపి చూసింది.
వచ్చే ఏటి విత్తనం డబ్బాకి
తన చితెంజె చింపి మూతి కట్టింది.
అటక మీదికి ఎత్తబోయి, ఆగి,
ఒక గుప్పెడు
కిందే ఉంచింది.