దండు మొనర

మొరటువలో కోడికంటే ముందు రంపాలు లేస్తాయి.
సిరిసోమ మేస్త్రి కొట్టంలో నాది పొట్టు ఊడ్చే పని.
పదమూడేళ్లు నాకు,
చెవుల్లో, కనురెప్పల మీద, అన్నంలో కూడా
పనసచెక్క పసుపు.

బెంతొట నుంచి హోటల్ మేనేజరు వచ్చాడు.
దండు మొనర కావాలి, మెట్ల పక్కన నిలబెడతాం, అన్నాడు.
దండు మొనరంటే కర్ర నెమలి,
వెనకటి రాజులు ఎక్కి తిరిగిన గాలిబండి.
మా దీవిలో పాలు మరవని పిల్లలకీ దాని కథ వచ్చు.
మేస్త్రి అడిగింది ఒకటే:
"ఎందరు కూర్చుంటారు?"
మేనేజరు నవ్వాడు. "ఎవరూ కూర్చోరయ్యా, చూడ్డానికే."

మేస్త్రి నవ్వలేదు.
సుద్దముక్కతో నేలమీద ఒక గీత గీసి
సాయంత్రం దాకా దాన్నే చూశాడు.

ఐదు నెలలు.
మెడకి పనస. తేలికని రెక్కలకి సంపెంగ మాను.
మేకు ఒక్కటి లేదు,
కుసి, బెజ్జం, కుసి, బెజ్జం.
"కళ్లు ఆఖర్న చెక్కాలిరా,
ముందే చెక్కితే పనంతా అయ్యేదాకా మనల్నే చూస్తుంది."

ఒక రాత్రి కరెంటు పోయింది.
మేస్త్రి భార్య నళినక్క కిరసనాయిలు దీపం తెచ్చి
తోక మీద కూర్చుని చెప్పింది:
కర్రపక్షిని చేసిన వడ్రంగిని
పని ముగిసిన రోజే చంపమన్నాడట ఒక రాజు,
ఇంకో రాజుకి ఇంకోటి చెయ్యకుండా.
సంగతి పసిగట్టిన వడ్రంగి,
చెక్క ఆరలేదు ప్రభూ, నాలుగు రోజులాగండి, అని
ఆ నాలుగు రోజుల్లో
పెళ్లాం పిల్లల్ని పక్షి కడుపులో ఎక్కించి
కిటికీలోంచి ఎగిరిపోయాడట.

"వడ్రంగి పేరేంటక్కా?"
నళినక్క వత్తి తగ్గించింది.
"రాజు పేరడుగు, చెబుతాను."

మర్నాడు ఊడుస్తూ ఊడుస్తూ
నెమలి కడుపులోకి తల పెట్టాను.
లోపల బల్ల!
ఒకవైపు ఎత్తు తక్కువ:
నళినక్క కుడి మోకాలు వంగదు, చాపుకోవాలి కదా.
పక్కన ఇంకోటి, చిన్నది.
అది నా కొలతని
కూర్చున్నాకే తెలిసింది.

లారీ వచ్చింది. రెక్కలు తాళ్లతో కట్టారు.
సగం సొమ్మే ఇచ్చారు.
"మిగతాది తెస్తే కళ్లు చెక్కుతా" అన్నాడు మేస్త్రి.
ఎవరూ తేలేదు.
నాలుగు చక్రాల మీద, గుడ్డిదై,
గాలె రోడ్డు వెంబడి పోయింది మా గాలిబండి.

పోయిన నెల అదే హోటలుకి
ఇరవై నాలుగు కుర్చీలు దింపడానికి వెళ్లాను.
మేస్త్రి లేడిప్పుడు. ఆయన అరంగుళం ఉలి నా సంచిలో ఉంది.
నెమలి మెట్ల పక్కనే, చుట్టూ ఎర్రతాడు,
ముట్టుకోరాదన్న బోర్డు.
ఎవరో నీలిరంగుతో కళ్లు పూశారు,
ఒకటి పైకి, ఒకటి నా వైపు.
పాత బాకీ ఎత్తాను.
కొత్త మేనేజరు, కాగితం చూపించు, అన్నాడు.

వెళ్తూ వెళ్తూ వంగి కడుపులోకి చూశాను.
గదులు తుడిచే మనిషి కూతురు కాబోలు,
బడి బట్టల్లోనే, చెప్పులు వొళ్లో పెట్టుకుని,
నా బల్ల మీద నిద్రపోతోంది.
సరిగ్గా పట్టింది.

బయట లారీవాడు హారను కొడుతున్నాడు.
వద్దని చెయ్యి ఊపాను.