చేతులు కడుక్కున్న నీళ్లు

ఉదయం ఆరు. సైలీషియా మంచు
ఇనుప మెట్లను ఇంకా వదల్లేదు.
మూడో తొట్టి మూత తీస్తే
ఊరంతా ఆవిరై ముఖానికి కొడుతుంది.
అలవాటైన వాసనే. పుట్టింటి వాసన లాంటిది,
పైవాళ్లు ఏమైనా అంటే నాకు కోపమొస్తుంది.

నల్లటి బురద. నలభై వేల మంది
తిన్నదీ, తోమిందీ, ఉతికిందీ, కక్కుకున్నదీ.
చేను అడిగేవన్నీ ఇందులో ఉన్నాయి,
నత్రజని, భాస్వరం.
చేను అడగనివీ ఉన్నాయి.
కాడ్మియం కంటికి కనబడదు,
కాగితం మీదే కనబడుతుంది.

పదకొండు రోజుల కిందట
గంధకం తిని బతికే సూక్ష్మజీవుల్ని తొట్టిలో వదిలాం.
వాటితో మాట్లాడకూడదంటాడు మా ఇంజనీరు.
నేను "తినండి పిల్లలూ" అంటాను.
తిన్నకొద్దీ బురద పులుస్తుంది,
మా అమ్మ రై పిండితో పెట్టే తరవాణిని మించి.
ఆ పులుపుకి లోహం,
మొండి బాకీదారు చివరికి నోరు విప్పినట్టు,
బురదను వదిలి నీళ్లలోకి దిగుతుంది.
ఆ నీళ్లు అటు, ఈ బురద ఇటు.
తర్వాత సున్నం. సున్నం తగిలాక
బురద మళ్లీ మట్టి వైపు మనసు తిప్పుకుంటుంది.

ల్యాబు చీటీ వచ్చింది: హద్దుకి లోపలే.
కింద నా సంతకం కావాలి. బోగ్నా అని.
పెన్ను గడ్డకట్టింది. చంకలో పెట్టి వెచ్చబెట్టాను.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది.
పందొమ్మిదేళ్లప్పుడు బోల్టుల కార్ఖానాలో చేశాను.
కాడ్మియం పూత. మెరుపంటే అదీ మెరుపు.
షిఫ్టు దిగేముందు బకెట్లలో అడుగున మిగిలింది
కాలువలో వంపేసేవాళ్లం.
ఫోర్‌మన్ అటు తిరిగి సిగరెట్టు ముట్టించేవాడు.
సబ్బు రుద్ది చేతులు కడుక్కుని
శనివారాలు డాన్సుకి పోయేదాన్ని.
కడుక్కున్న నీళ్లు ఎటు పోతాయని
ఆ వయసులో ఎవరడుగుతారు?

ఎటూ పోలేదు.
గొట్టాల మోచేతుల్లో కూర్చున్నాయి.
గట్టి వాన పడ్డప్పుడల్లా కాస్త కాస్తగా
నా తొట్టికే వస్తున్నాయి.

తొమ్మిదింటికి ఇగ్నాత్సీ ట్రాక్టరు తెచ్చాడు.
వాడిది ఇసుక నేల, ఎంత పెట్టినా ఆకలే.
పిడికెడు బురద వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి,
"దీంట్లో పండిన బార్లీ గంజి నువ్వు తాగుతావా?"
"గిన్నె నాకి మరీ" అన్నాను.
నవ్వలేదు.
చాలాసేపు నా చేతుల వంకే చూసి
ట్రాలీ వెనక తలుపు దించాడు.

వాడు వెళ్లాక మిగిలేది బూడిదరంగు ముద్ద.
నీళ్లలోంచి తీసిన లోహం, ఈసారి పదకొండు కిలోలు.
దీన్ని ఏ చేనూ అడగదు.
పీపాలోకి ఎత్తి, మూత బిగించి, చీటీ అంటించాలి.
తేదీ. బరువు. ఎక్కడినుంచి వచ్చింది.
ఆ గడిలో రోజూ "పట్టణ మురుగు" అని రాస్తాను.
ఇవాళ పెన్ను ఆగింది, వెచ్చగా ఉండి కూడా.
తర్వాత అదే రాశాను.

గ్లవ్స్ విప్పి చేతులు కడుక్కున్నాను.
కొళాయి కట్టేశాక,
నీళ్లు దిగుతున్న చప్పుడు
చివరిదాకా విన్నాను.