టక్

తాళం తిప్పితే టక్.
మళ్ళీ తిప్పితే అదే, ఒక్క టక్.

షువైఖ్‌లో మధ్యాహ్నం. రేకుల కింద
స్పానరు పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంటోంది.
మూడు రోజులు పట్టింది ఇంజన్ దించి ఇంకోటి ఎక్కించడానికి.
సాయంత్రానికల్లా కావాలన్నాడు అబూ మిషారి,
వాళ్ళ నాయన నడిపిన కాప్రిస్.

బ్యాటరీ కొత్తది. స్టార్టరు విప్పి బల్ల మీద చూస్తే
గిర్రున తిరిగింది, తప్పు తనది కాదన్నట్టు.
ఫ్యూజులన్నీ పీకి వెలుతురుకు పెట్టి చూశాను.
పక్క షెడ్డు గుల్ జమాన్ వచ్చి
ఇంజనే ఖరాబన్నాడు, మా టీ తాగి పోయాడు.
ఫోను రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

ఓబులేసు, వచ్చి నెల కాలేదు,
స్పానరు సైజులింకా నోటికి రాని పిల్లోడు,
"అన్నా, ఈ తీగ కాల్తాంది" అన్నాడు.
ఎండకు కాలదా, అన్నాను.
"నీడలో ఉంది గదన్నా."

యాక్సిలరేటర్ కేబుల్.
పట్టుకుని, వదిలేశాను.
తిరిగి పోయే దారి లేక కరెంటంతా
సన్నటి దాని మీద పడింది.

చెత్తడబ్బాలో, నూనెగుడ్డల కింద దొరికింది
జానెడు అల్లిక తీగ, రెండు కొసలకూ కన్నాలు.
ఎర్తు.
పాత ఇంజన్‌తో పాటు నేనే విప్పి, నేనే పారేసింది.
ఇరవై రెండేళ్ళుగా ఇదే పని ఈ చేతికి.

ఉప్పుకాగితంతో తుప్పు గీకి
ఛాసిస్‌కు ఒక కొస, ఇంజన్‌కు ఒక కొస.
బోల్టు ఓబులేసునే బిగించమన్నాను.
"పన్నెండా, పద్నాలుగా అన్నా?"

ఆ చప్పుడు ఫోన్లో వినిపించమన్నాడు అబూ మిషారి.
సైలెన్సర్ దగ్గర పట్టుకుని నిలబడ్డాను.
చెయ్యి నొప్పి పుట్టేదాకా
ఏమీ మాట్లాడలేదు, పెట్టేయలేదు.