అచ్చు

అజ్జరంలో మా బాబాయి, లక్కోజు వైకుంఠాచారి,
ఇరవై రెండేళ్ళు పటాలంలో తుపాకులు బాగుచేసి
తిరిగొచ్చి మళ్ళీ ఇత్తడి ముందే కూర్చున్నాడు.
ఒక పక్క సొట్టబిందెలు, చెవి ఊడిన గంగాళాలు,
నోరు పెగలని గుడిగంట ఒకటి.
ఇంకో పక్క మెత్తటి గుడ్డ మీద
రైఫిల్ క్లబ్బు తూటా గుల్లలు,
లెక్కపెట్టి, రిజిస్టర్లో ఎక్కించి, సంతకం తీసుకున్నవి.

ఐదు గుండ్లలో నాలుగు
ఒక తమలపాకు కింద దాక్కుంటున్నాయి.
ఐదోది అలిగి ఎటో పోతోంది.
నవంబర్లో పోటీ.
"డై మార్చాలి బాబాయ్" అని
క్యాటలాగు తెరిచి ఆయన మోకాళ్ళ మీద పెట్టాను.
పేజీ నిండా నిగనిగలాడే ఉక్కు.
సుంకంతో కలిపితే నా స్కూటీ ఖరీదు.

ఆయన చూడలేదు.
"డై ఏంటే, అచ్చు అను" అన్నాడు.
నాకు అచ్చులంటే పలక మీద అ ఆ ఇ ఈ.
పటం ఊడిన గాజుపలక ఒకటి ముందుకి జరిపి
"దొర్లించు" అన్నాడు.
గుల్ల దొర్లింది. దాని మెడ
కుంటికోడిలా ఒకసారి లేచి, ఒకసారి వాలి.
"చూసేవా? మెడ వంకర. గుండు అందులో తిన్నగా ఎలా కూచుంటదే?"

అప్పుడు చెప్పాడు, ఆకురాయి ఆపకుండానే.
పేలిన క్షణాన ఇత్తడి ఉబ్బి
రైఫిలు గది గోడల్ని వాటేసుకుంటుంది.
పొగ పోయినా ఆ గది కొలత మరిచిపోదు.
ఫుల్ సైజు అచ్చు ఒళ్ళంతా నొక్కి
దాన్ని కార్ఖానాలో పుట్టిన రోజుకి తీసుకుపోతుంది.
మెడ అచ్చు ఒక్క మెడనే సవరిస్తుంది,
చొక్కా కాలరు మాత్రం తిప్పికుట్టే దర్జీలా.
బుషింగు మార్చుకునేది ఇంకోటుంది:
గాజులబ్బి చెయ్యి నొక్కి చూసి
సైజు పట్టుకున్నట్టు
ఎంత బిగువు కావాలో అంతే.

"ఇందులో ఏది మంచిది?"
"ఏ రైఫిలుకి?"
"క్లబ్బుదే. నాలుగో నంబరు."
"ఈ అరవై గుల్లలూ నాలుగులోనే పేల్చావా?"

రోడ్డు మీద రొయ్యల వ్యాను ఒకటి
ఐసునీళ్ళు కార్చుకుంటూ పోయింది.
జూలైలో నాలుగో నంబరు పిన్ను విరిగింది.
రెండు వారాలు తొమ్మిదితో కొట్టాను.
గుల్లలన్నీ ఒకే బిస్కెట్ డబ్బాలో పోశాను.

బాబాయి మైక్రోమీటరు తీశాడు.
ఒక్కోదాని భుజం పట్టుకుని
వెంట్రుకవాసిలో పాతిక భాగం చదువుతూ
నలభై ఒకటి ఇటు, పందొమ్మిది అటు.
నా అలక ఎవరిదో
రెండు కుప్పలుగా విడిపోయింది.
"ఇవి పరాయి గది గుర్తుపెట్టుకున్నవి.
వీటికి ఒళ్ళంతా నొక్కాల్సిందే.
నూనె పలచగా రాయి. ఎక్కువైతే భుజం మీద సొట్ట."
"మరి నావి?"
"నీవి మెడ సవరిస్తే చాలు. ఇప్పటికి.
నాలుగైదుసార్లు పేలాక
ఆ గుర్తు కూడా ముదిరి బోల్టు బిగుసుకుంటది.
అప్పుడు భుజాన్ని రవ్వంత వెనక్కి నెట్టు.
రవ్వంతే సుమా."

క్యాటలాగు మడిచి, వంకరగా నిలబడ్డ
గంగాళం కింద ఎత్తు పెట్టాడు.
పాత అచ్చులు రెండూ కిరసనాయిలుతో తుడిచి
పటాలం రోజుల ఖాకీగుడ్డలో చుట్టి ఇచ్చాడు.
రిజిస్టర్లో సంతకం మళ్ళీ పెట్టించాడు,
సొంత అన్న కూతురినైనా.

నవంబర్లో
నాలుగూ తమలపాకు కింద, ఇంకా దగ్గరగా.
ఐదోది మళ్ళీ తప్పింది.
ఈసారి నింద మోయడానికి
ఉక్కు లేదు, ఇత్తడి లేదు.
ట్రిగ్గరు మీద వేలూ,
ఆఖరి గుండు అనగానే
ఎగదన్నే నా ఊపిరీ తప్ప.

ఫోన్లో చెప్తే బాబాయి "ఆయ్" అన్నాడు, అంతే.
వెనకాల గుడిగంట
ఒకసారి మోగింది,
ఇంకా కొంచెం బొంగురుగా.