ఏం కాలిందో చెప్పుకో

డ్యూటీ దిగి ఇంటికెళ్తే
మా లిఖిత గుమ్మంలోనే చొక్కా లాగి వాసన చూసేది.
"ఈవేళ టైర్లు నాన్నా."
"ఈవేళ పెయింటు."
హార్బర్లో బోట్లు తగలబడిన రాత్రి
"డీజిలు, వలలు, ఇంకా... ఎండుచేపలు" అంది.
మూడూ సరే.
చప్పట్లు కొట్టాను.
అదొక ఆటనుకున్నాను.

గొట్టం పట్టడం నాకు నేర్పింది దాలినాయుడు మామ.
ముఖం కడుక్కోబోతే నవ్వేవాడు:
"మసి మన బొట్టురా. తుడిచేసుకుంటే ఎవుడు గుర్తుపడతాడు?"
ఆ బొట్టు మెడ ముడతల్లోకి, చెవుల వెనక్కి,
చెమటకి తెరుచుకున్న ప్రతి రంధ్రంలోకీ
తలుపు తట్టకుండా దూరింది.
మంటైతే కనబడుతుంది, కొట్లాడొచ్చు.
ఇది మంట ఆరిపోయాక పని మొదలెడుతుంది.

ఇప్పుడు అగనంపూడి ఆసుపత్రిలో
మామ గొంతులో ఓ గొట్టం.
మాటలు పలకమీద రాస్తాడు.

మొన్న మల్కాపురం స్టేషనుకి అట్టపెట్టె వచ్చింది.
తల, చెవులు, మెడ కప్పే తొడుగులు,
ముఖానికి మాత్రం చిన్న కిటికీ.
రెండు గుడ్డల మధ్య ఓ పొర ఉందట,
పొగలోని నలుసుల్ని ఆపేది.
మేం పద్నాలుగు మందిమి. పెట్టెలో ఏడు.
"ఇదేటిరా, పెళ్ళికూతురి ముసుగు!"
ఎర్రయ్య ఒకటే నవ్వు.

ఆటోనగర్లో ప్లాస్టిక్ గోడౌను అంటుకున్న రోజు
చీటీలు వేసుకున్నాం.
నాకొచ్చింది. ఎర్రయ్యకి రాలేదు.

నాలుగు గంటలు.
సముద్రపు గాలి పొగని మామీదికే తోసింది.
చెవుల్లో చెమట మరిగింది.
బయటికొచ్చి తొడుగు తీసి
తెల్ల రుమాలుతో మెడ తుడుచుకుంటే
రుమాలు దాదాపు తెల్లగానే ఉంది.
ఎర్రయ్య దాన్ని లాక్కుని తన మెడ తుడుచుకున్నాడు.
చూశాడు.
మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.
ఈసారి నవ్వలేదు.

కోటూ తొడుగూ ఇంటికి తేకూడదని కొత్త రూలు.
స్టేషన్లోనే సబ్బునీళ్ళ తొట్టిలో ముంచాం.
నీళ్ళు నల్లబడుతుంటే
మా ఇంటి గుమ్మం పక్క మేకు గుర్తొచ్చింది,
పదకొండేళ్ళు నా కోటు వేలాడిన మేకు.

ఉతికి ఆరిన తొడుగు మామకి చూపించాను.
బొటనవేలితో గుడ్డని నలిపి చూశాడు.
పలకమీద రాశాడు: ఎన్ని?
ఏడు వేళ్ళు చూపించాను.
అరచేత్తో చెరిపేసి మళ్ళీ రాశాడు:
మిగతా ఏడుగురు?

ఆ సాయంత్రం లిఖిత చొక్కా లాగింది.
ముక్కు ఇంకా దగ్గరికి పెట్టింది.
"ఈవేళ ఏటీ కాల్లేదా నాన్నా?"
"చాలా కాలిందమ్మా. ఓడిపోయావు."
అది ఒప్పుకోలేదు.
చొక్కా తిప్పి, కాలరు దగ్గర
మళ్ళీ వెతకడం మొదలెట్టింది.